ముంపు ఊరి గుళ్లు: ఏది వెంట తీసుకెళ్లాలి, ఏది అక్కడే వదలాలి

మీరు అడిగింది ఇది. ఊరు రిజర్వాయరు ముంపులో పోతోంది. పాత శివాలయం, పోచమ్మ గుడి, ఊరి మధ్య పాతిన బొడ్రాయి, ఊరి చివర దర్గా, ఒక చర్చి ఉన్నాయి. పునరావాస కాలనీలో అన్నిటికీ స్థలం ఇస్తామంటున్నారు. ఊళ్లో మాత్రం మాట కుదరడం లేదు. మహిమంతా ఆ నేలదే, రాళ్లు మోసుకెళ్తే ఏమొస్తుందని పెద్దలంటున్నారు. మూర్తి ఎక్కడుంటే దేవుడు అక్కడేనని పూజారి అంటున్నారు. జనం మొక్కితేనే గుడి, లేకపోతే అది ఉత్త రాయి అని కుర్రాళ్లంటున్నారు. ఎవరి మాట పట్టుకోవాలని మీ ప్రశ్న.

మూడు మాటలూ నిజమే. కాకపోతే ఒక్కో మాట ఒక్కో చోటికి చెల్లుతుంది. ఒక చోటి నియమాన్ని తెచ్చి ఇంకో చోటికి అంటగట్టినప్పుడే తగాదాలు మొదలవుతాయి. శివాలయానికి చేసే కళాకర్షణ, అంటే మూర్తిలోని దైవశక్తిని మంత్రంతో కుంభంలోకి తీసే క్రియ, పోచమ్మకు అక్కర్లేదు. పోచమ్మను అడిగినట్టు దర్గాలో అడగరు. అందుకని తరలింపు కమిటీ కూర్చున్న మొదటి రోజే ఒక్కో స్థలం గురించి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇక్కడి పవిత్రత దేన్ని అంటిపెట్టుకుని ఉంది? నేలనా, మూర్తినా, ఒక మనిషి దేహాన్నా, తిథినా, ఊరి కట్టుబాటునా? దానికి జవాబు దొరికితే ఏది కదులుతుందో, ఏది కదలదో దానంతట అదే తేలుతుంది.

నేలను వదలనివి

శ్రీశైలం ప్రాజెక్టు దీనికి మంచి ఉదాహరణ. ఆ జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు నిలిచేసరికి కృష్ణ, తుంగభద్ర ఒడ్డున ఉన్న గుళ్లు చాలా మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. రూపాల సంగమేశ్వరాన్ని కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీదికి చేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు. కూడవెల్లి గుడి శిల్పం చెక్కుచెదరకుండా వచ్చింది, చాళుక్యుల పనితనం ఈ రోజుకీ కళ్లారా చూడొచ్చు. కృష్ణా తుంగభద్రల కలయిక మాత్రం రాలేదు. సంగమం ఉందనే ఆ దేవుడు సంగమేశ్వరుడయ్యాడు.

నంద్యాల జిల్లా సప్తనదీ సంగమేశ్వరం కథ వేరు. అక్కడ వేపకొయ్య లింగం. దాన్ని కదల్చలేదు. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉంటుంది. నీటిమట్టం 840 అడుగుల కిందికి దిగాక ఎండాకాలంలో గుడి బయటపడుతుంది. పూడిక మట్టి తీసి, కడిగి, పూజ మొదలుపెడతారు. మళ్లీ వరద వచ్చి గర్భగుడిలోకి నీళ్లు చేరేదాకా పూజ సాగుతుంది. ఆ కొద్ది నెలల్లోనే జనం వెతుక్కుంటూ వెళ్తారు. మునిగిపోయిన చోటు పవిత్రత పోగొట్టుకుంటుందని ఖాయంగా చెప్పేవాళ్లకు సంగమేశ్వరమే జవాబు.

కాబట్టి మీ శివాలయంలోని లింగం స్వయంభువా (తనంతట తాను వెలసిందా), ప్రతిష్ఠ చేసిందా అన్నది ముందు తేల్చండి. ఆగమాలు, అంటే గుడి కట్టడం, పూజ చేయడం ఎలాగో చెప్పే శాస్త్రాలు, లింగాల్లో స్వయంభువు, దైవికం (దేవతలు ప్రతిష్ఠించింది), ఆర్షం (ఋషులు ప్రతిష్ఠించింది), మానుషం అని తేడా చూపుతాయి. మనుషులు చెక్కి ప్రతిష్ఠించిన మానుష లింగానికి మూడు భాగాలుంటాయి. అడుగున చతురస్రంగా బ్రహ్మభాగం, మధ్యలో ఎనిమిది పలకల విష్ణుభాగం, పైన గుండ్రంగా రుద్రభాగం. మనకు పైకి కనిపించేది రుద్రభాగం ఒక్కటే. విష్ణుభాగం పానవట్టంలో (లింగాన్ని పట్టి ఉంచే పీఠంలో), బ్రహ్మభాగం దాని అడుగున ఉంటాయి. లింగం కొండరాతిలో భాగమై, కింద అతుకే లేకుండా ఉంటే అది స్వయంభువు కిందికే వస్తుంది. అలాంటిదాన్ని కోసి తీయొద్దు. తీయడం సాధ్యమే, రంపాలు ఉన్నాయి. కానీ అప్పుడు మీ చేతికొచ్చేది ఒక రాతి ముక్క. యాదగిరిగుట్టను 2016 నుంచి పునర్నిర్మించినప్పుడు గుహలోని స్వయంభువు మూర్తులను కదల్చలేదు. చుట్టూ పని జరుగుతుంటే భక్తులకు బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో, దర్శనం ఇచ్చారు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ అనే శుద్ధి క్రతువు చేసి మళ్లీ ప్రధానాలయం తెరిచారు. అన్నేళ్ల పనిలో అంత జాగ్రత్త ఎందుకు పడ్డారో ఈ తేడా తెలిస్తేనే అర్థమవుతుంది.

నేల పవిత్రతను చట్టం కూడా లెక్కలోకి తీసుకున్న సందర్భం ఉంది. ఒడిశా నియమగిరిలో డోంగ్రియా కొంధు ఆదివాసులకు గుడి లేదు, గోపురం లేదు. కొండే వాళ్ల దేవుడు నియమరాజు. బాక్సైట్ తవ్వకం వివాదంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, వాళ్ల మత హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాది సభ పెట్టిన 12 గ్రామాలూ తవ్వకం వద్దన్నాయి. మీ ఊరికి అంత అవకాశం మిగిలి ఉండకపోవచ్చు. కానీ గ్రామసభ తీర్మానానికి ఉన్న బరువు ఎంతో దీన్నిబట్టి తెలుసుకోండి.

శివాలయం: ఎవరి చేతినుంచి ఎవరి చేతికి

లింగం మానుషమైతే తరలించొచ్చు. మన దగ్గర ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకే వివరంగా చెబుతాను.

మొదట మీ గుడి ఏ ఆగమం ప్రకారం నడుస్తోందో అర్చకులను అడగండి. వైష్ణవాలయాల్లో వైఖానసమో పాంచరాత్రమో ఉంటుంది, శివాలయాల్లో శైవాగమం, కొన్నిచోట్ల స్మార్త పద్ధతి. పిలిపించే ఆచార్యుడు ఆ పద్ధతివారే అయి ఉండాలి. పక్క ఊళ్లో బాగా చేయించారని వేరే ఆగమంవారిని తెస్తే, ఆ తర్వాత నిత్యపూజ చేసే అర్చకుడికీ ఆయనకూ పొత్తు కుదరదు.

క్రమం ఇలా ఉంటుంది. దేవుడి అనుజ్ఞ, విఘ్నేశ్వర పూజ, పుణ్యాహవాచనం అయ్యాక కుంభం సిద్ధం చేస్తారు. రాగి బిందెకో మట్టి కుండకో నూలు చుట్టి, వడగట్టిన నీళ్లు పోసి, లోపల బంగారమో నవరత్నాలో వేసి, దర్భల కూర్చ, మామిడాకులు, కొబ్బరికాయ ఉంచుతారు. మూర్తి నుంచి కుంభానికి దర్భతాడు కలుపుతారు. మంత్రపూర్వకంగా మూర్తిలోని కళలను కుంభంలోకి ఆకర్షిస్తారు. దీన్నే కళాకర్షణ అంటారు. ఆ కుంభాన్ని బాలాలయానికి తీసుకెళ్లి అక్కడి చిన్న బింబంలోకి ఆవాహన చేస్తారు. అప్పటినుంచి నిత్యపూజ, నైవేద్యం బాలాలయంలోనే. బ్రహ్మోత్సవాలు, కల్యాణం లాంటివి కొత్త గుడి అయ్యేదాకా చాలాచోట్ల ఆపేస్తారు.

కళాకర్షణ పూర్తయ్యేదాకా స్థపతి (ఆలయ శిల్పి) ఉలి మూర్తిని తాకకూడదు. పూర్తయిన క్షణం నుంచి అర్చకుడికి ఆ రాతి మీద అధికారం లేదు, అది స్థపతి చేతిలోది. ఈ రెండింటి మధ్య గీత చెరిగిపోతేనే గొడవలు. కాంట్రాక్టరు గడువు దాటుతోందని ముందు గోపురం విప్పేసి, తర్వాత పూజారిని పిలిచిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు ప్రాయశ్చిత్త హోమాలు తప్పవు. ఖర్చు పెరుగుతుంది, ఊరి మనసులో అనుమానం నిలిచిపోతుంది.

లింగాన్ని పానవట్టంలో పట్టి ఉంచేది అష్టబంధనం. లక్క, గుగ్గిలం, తేనెమైనం, కావిరాయి, ఎర్రపత్తి, వెన్న వంటివి రోట్లో దంచి వేడిగా అతుకులో కూరతారు. సంప్రదాయాన్నిబట్టి ఆ ఎనిమిదింటి జాబితా కొద్దిగా మారుతుంది. ఆలయాల్లో 12 ఏళ్లకోసారి దీన్ని మార్చే ఆనవాయితీ ఉంది. తిరుమలలో 2018 ఆగస్టులో చేసిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం అదే. పాతబడిన అష్టబంధనం రాయిలా గట్టిపడుతుంది. సుత్తితో కొడితే ముందు పగిలేది పానవట్టం అంచు. మైనం, లక్క వేడికి మెత్తబడే పదార్థాలు కాబట్టి మెల్లగా వేడి తగిలించి, కొద్దికొద్దిగా గీకి, కొయ్య చీలలతో కదల్చడం అనుభవమున్న స్థపతి పని. జేసీబీ బకెట్‌కు తాడు కట్టి లాగడానికి ఎవరు వచ్చినా ఒప్పుకోవద్దు. మూర్తికి ముఖం, చేయి వంటి ప్రధానాంగం విరిగితే దాన్ని మళ్లీ ప్రతిష్ఠించరు, నీళ్లలో నిమజ్జనం చేసి కొత్తది చెక్కించాల్సిందే. ఆభరణమో, ఆయుధం కొసో విరిగితే బాగుచేసుకోవచ్చు.

పీఠం లేపినప్పుడు కింద యంత్రం (మంత్రాక్షరాల రేకు), రత్నన్యాసం (ప్రతిష్ఠ నాడు ఉంచిన రత్నాలు) బయటపడతాయి. గర్భాలయ ద్వారం దగ్గర పునాదిలో గర్భన్యాసపు పెట్టె (గుడి కట్టేముందు పునాదిలో పూడ్చిన పెట్టె) కూడా దొరకొచ్చు. ఇక్కడే ఊళ్లు చీలిపోతాయి. ఎవరో నిధి దొరికిందంటారు, ఇంకెవరో మాయం చేశారంటారు. భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే 1878 నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. పీఠం లేపే రోజు తహసీల్దారు, దేవాదాయ శాఖ ప్రతినిధి, ఊరి అన్ని కులాల నుంచి ఒక్కొక్కరు దగ్గరుండి, వీడియో తీసి, పంచనామా రాయించి, సంతకాలు పెట్టాలి. ఈ ఒక్క కాగితం తర్వాత పదేళ్ల గొడవను ఆపుతుంది.

మూర్తిని తీసిన గుంటను అలాగే వదిలేయొద్దు. శాంతి చేయించి పూడ్పించండి. పూడ్చకపోతే నీళ్లు వచ్చేలోపు ఎవరో భక్తి కొద్దీ అక్కడ ఇంకో రాయి నిలబెడతారు, దానికీ దీపం పెడతారు. అప్పుడు రెండు చోట్లా సగం సగం దేవుడన్న మాట పుడుతుంది.

బాలాలయం ఎన్నాళ్లుండొచ్చని చాలామంది అడుగుతారు. పన్నెండేళ్లు దాటకూడదని ఆగమ పండితులు చెబుతారు. నా మాట అడిగితే మూడేళ్లలోపు ముగించేలా చూడండి. పరిహారం డబ్బు వచ్చేదాకా ఆగుదామంటే రేకుల షెడ్డు కిందే దేవుడు ముసలివాడవుతాడు.

రాళ్లు విప్పడం

గుడి రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే ఆ శాఖే చేయాలి, మీరు చేయి పెట్టొద్దు. భారత పురావస్తు సర్వే రక్షణలో ఉంటే 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిర్మాణ నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రణ. రక్షిత కట్టడం కాకపోతే కింది మాటలు మీ స్థపతికి, ఇంజినీరుకు చెప్పండి.

విప్పకముందే నాలుగు వైపులా, పైకప్పు లోపలా బయటా కొలబద్ద పెట్టి ఫోటోలు తీయాలి. ప్రతి రాయికీ నంబరు వేయాలి. దిక్కు, వరస, స్థానం మూడూ అందులో ఉండాలి. "తూ-4-7" అంటే తూర్పు గోడ, కింది నుంచి నాలుగో వరస, ఎడమనుంచి ఏడో రాయి. నంబరును చెక్కడం ఉన్న ముఖం మీద రాయొద్దు, ఆ రంగు మళ్లీ పోదు. రాతి పైభాగంలో, అంటే కట్టాక కనిపించని చోట ఆయిల్ పెయింటుతో రాయాలి. విప్పేది పైనుంచి కిందికి, కట్టేది కింది నుంచి పైకి. కాబట్టి ఏ వరసకు ఆ వరస విడిగా పేర్చి, మొదట అవసరమయ్యే అధిష్ఠానం (గుడి అడుగు దిమ్మె) రాళ్లు దారికి దగ్గరగా ఉంచండి. ఇది చేయక గుట్టగా పోస్తే మళ్లీ వెతకడానికే నెలలు పడుతుంది.

రెండు ముఖాల మధ్య నింపిన చిన్న రాళ్లకు, మట్టికి నంబర్లుండవు. గోడ బరువంతా నిలబెట్టింది అదే. కొత్తచోట ఆ నింపుడు సరిగా దట్టించకపోతే గోడ పొట్ట ఉబ్బుతుంది. సిమెంటు వాడొద్దు. రాతికన్నా గట్టిగా బిగుసుకుని, తేమను లోపలే పట్టి ఉంచి, చివరికి రాతి అంచులను పగలగొడుతుంది. రెండు మూడు వారాలు నానిన సున్నం ఒక పాలు, ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు చాలు. కాలనీ నేల నల్లరేగడి అయితే మరీ జాగ్రత్త. వానకు ఉబ్బి, ఎండకు బిగిసే నేల మీద పాత రాతి గుడి రెండేళ్లలో వంకర తిరుగుతుంది. మొరం తగిలేదాకా తవ్వి, ఇసుక పొరలు పొరలుగా తడిపి దిమ్మిస చేయాలి.

కొత్త నేల ఎప్పుడు పవిత్రమవుతుంది

ఆగమాల దృష్టిలో నేలను తయారుచేసుకోవచ్చు, దానికి వరస ఉంది. మూరెడు పొడవు, వెడల్పు, లోతు గుంట తీసి అదే మట్టితో పూడుస్తారు. మట్టి మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. ఈ పరీక్షకు ఇంజినీరింగు అర్థం కూడా ఉంది: మట్టి చాలకపోయిందంటే నేల ముందే వదులుగా ఉందని. తర్వాత నేల దున్ని, ధాన్యం చల్లి, మొలకెత్తాక ఆవులను మేపుతారు. మొలకలు ఎన్ని రాత్రుల్లో వచ్చాయన్నదీ చూస్తారు. ఈ కర్షణం, బీజావాపం వదిలేసి నేరుగా శంకుస్థాపన ఫలకం పెట్టేయడం ఈ మధ్య ఎక్కువైంది. ఊరంతా నాగలి పట్టే అవకాశం ఇదొక్కటే. దీన్ని వదులుకోకండి.

గుడి కట్టాక మూర్తిని నీళ్లలో, ధాన్యంలో, శయ్య మీద ఉంచే జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం, బంగారు సూదితో కళ్లు తెరిపించే నేత్రోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ, కుంభాభిషేకం. తర్వాత మండలం పాటు, చాలాచోట్ల 48 రోజులు, నిత్యాభిషేకం. దేవుడి ముఖం పాత గుడిలో ఏ దిక్కుకు ఉందో కొత్తచోటా ఆ దిక్కుకే ఉండాలి. కాలనీ లేఅవుటులో రోడ్డు ఎటుంటే అటు తిప్పడం పెద్ద తప్పు. ప్లాటు కేటాయింపు కాగితం మీద సంతకం పెట్టకముందే దిక్కు చూసుకోండి.

చాలామందికి తట్టని చిన్న సంగతి ఒకటుంది, సంకల్పం. మన సంకల్పంలో పూజ చేసే చోటును శ్రీశైలాన్ని బట్టి చెబుతారు. "శ్రీశైలస్య" అని మొదలుపెట్టి ఈశాన్యమో, వాయవ్యమో, ఆగ్నేయమో అంటారు. ఆ వెంటనే "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" వంటి నదుల గుర్తు వస్తుంది. ఊరు పది కిలోమీటర్లు జరిగితే దిక్కు మారకపోవచ్చు. కానీ నది అవతలికి మారితే ఆ మాట తప్పవుతుంది. మొదటి పూజకు ముందే మ్యాపు పెట్టుకుని అర్చకులతో సరిచూసుకోండి. ఒక చోటు ఒంటరిగా పవిత్రం కాదనీ, దూరంగా ఉన్న కొండకూ నదికీ ముడిపడి ఉంటుందనీ మన పెద్దలు రోజూ పలికిన మాట అది.

పోచమ్మ, బొడ్రాయి

ఇక్కడ ఆగమం పక్కన పెట్టండి. పోచమ్మ ఒక రాయి, ఒక వేపచెట్టు, కొన్ని కుండలు. ఆమెను నిలబెట్టేది ఊరి వంతులు. బోనం కుండ కుమ్మరి ఇస్తాడు, చాకలి చేతి పని ఉంటుంది, బైండ్లవారో పంబలవారో కథ చెబుతారు, పోతరాజు ముందు నడుస్తాడు. ఏ ఒక్కరు రాకపోయినా పండగ చెల్లదు. తరలింపు కమిటీలో మాత్రం పట్టాదారులు, సర్పంచి, పూజారి ఉంటారు, వీళ్లు ఉండరు. నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదే: పోచమ్మ విషయం నిర్ణయించేది ఈ కుటుంబాలూ, బోనం ఎత్తే ఆడవాళ్లూ. కాలనీలో ఇళ్ల కేటాయింపు లాటరీలో కుమ్మరి ఇల్లు వేరే కాలనీకి పోతే గుడి కట్టినా ఉపయోగం లేదు. లాటరీకి ముందే ఆ మాట అధికారులతో మాట్లాడండి.

అమ్మను తీసుకెళ్లేముందు అడుగుతారు, పూనకం వచ్చిన వాళ్ల నోట జవాబు వింటారు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం (భవిష్యవాణి) చెప్పడం అందరూ చూసేదే. ఊళ్లలో దాని పద్ధతి ఊరికొకటి. అమ్మ వస్తానంటే పాత గద్దె మట్టి పిడికెడు, పసుపు కుంకుమలు, ఘటం వెంట తెచ్చుకుంటారు. రాయిని తేవడం, తేకపోవడం ఆమె మాటను బట్టే. రానంటే రానట్టే, ఏటా నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డుకు వెళ్లి బోనం పెట్టుకోవాలి. అధికారులు దీన్ని మూఢనమ్మకమని కొట్టేస్తే ఊరుకోకండి, ఊరి సమ్మతి అడిగే పద్ధతి అది.

మూర్తి లేకుండానే మహాస్థలం ఎలా ఉంటుందో మేడారం చూపిస్తుంది. అక్కడ ఉన్నవి గద్దెలు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. మర్నాడు చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను తెస్తారు. నాలుగో రోజు వనప్రవేశం. జనం ఏడాది పొడవునా వెళ్తూనే ఉన్నా, ఆ నాలుగు రోజుల్లో ఉండే నిండుదనం తిథిది, తెచ్చే చేతులది. గద్దె కొలతలు తీసుకెళ్లి వేరేచోట కట్టినంత మాత్రాన మేడారం రాదు.

బొడ్రాయి మాత్రం తరలేది కాదు. అది ఆ ఊరి బొడ్డు. కొత్త ఊరికి కొత్త బొడ్రాయి వేయాలి. గుంటలో నవధాన్యాలు, పంచలోహాలు, యంత్రం వేసి నిలబెడతారు. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. ప్రతిష్ఠ రోజు అష్టదిగ్బంధనం చేసి పొలిమేర మూస్తారు, లోపలివాళ్లు బయటికి పోరు, బయటివాళ్లు లోపలికి రారు. పొలిమేర చుట్టూ పొలి (బలి అన్నం) చల్లుతారు. పునరావాస కాలనీలో చిక్కు ఏమిటంటే, రెండు మూడు ఊళ్లను ఒకేచోట పెడతారు, పొలిమేర ఎక్కడో ఎవరికీ తెలియదు. హద్దు లేని ఊరికి బొడ్రాయి నిలవదు. ముందు మూడు ఊళ్లవాళ్లూ కూర్చుని హద్దు నడిచి రాళ్లు పాతుకోండి. తర్వాత ఒకటే బొడ్రాయా, మూడా అన్నది తేల్చుకోండి. తొందరపడి ఒక ఊరివాళ్లు రాత్రికి రాత్రి వేస్తే మిగతా రెండు ఊళ్లవాళ్లు జీవితాంతం అద్దెకున్నట్టే ఉంటారు.

దర్గా, మసీదు, పీర్లు, చర్చి

దర్గాలో పవిత్రత వలీ (ముస్లిం పుణ్యపురుషుడు) సమాధిది. దేహాన్ని అంటిపెట్టుకున్న పవిత్రత ఇది. సమాధి తవ్వి కదల్చడం ఇస్లామీయ ధర్మశాస్త్రంలో సాధారణంగా ఒప్పుకోరు. తప్పనిసరి అయినప్పుడు ఉలమా (మత పండితుల) అభిప్రాయం, వక్ఫ్ బోర్డు అనుమతి రెండూ కావాలి, దర్గాను చూసుకునే ముజావర్ కుటుంబం ముందుండాలి. కదల్చకూడదనుకుంటే ఇంకో దారి ఉంది. వలీ గుర్తుగా నెలకొల్పుకునే చిల్లా. బాగ్దాదులోని అబ్దుల్ ఖాదిర్ జీలానీ పేరు మీద మన దేశంలో ఎన్నో చిల్లాలు, జెండాచెట్లు ఉన్నాయి. కొత్త కాలనీలో చిల్లా పెట్టుకుని, ఉరుసు రోజు గంధం అక్కడినుంచే ఎత్తుకోవచ్చు. ఇది సమాధితో సమానమని ఎవరూ అనరు, అనక్కర్లేదు కూడా.

మసీదు లెక్క వేరు. హనఫీ అనే ఇస్లామీయ న్యాయ సంప్రదాయంలో ఒకసారి మసీదుగా వక్ఫ్ చేసిన (దేవుడి పేర శాశ్వతంగా ఇచ్చేసిన) నేల ఎప్పటికీ మసీదే అన్నది బలమైన అభిప్రాయం. ఇంకో సంప్రదాయమైన హంబలీలు మాత్రం వాడుక పూర్తిగా పోతే మార్పిడికి వీలిచ్చారు. మనవైపు ముస్లిములు ఎక్కువమంది హనఫీలు కాబట్టి, పాత మసీదును "మూసేశాం" అని రాయించకండి, కొత్తది అదనంగా కట్టాం అని రాయించండి. పీర్ల చావిడి అన్నిటికన్నా తేలిక. పీర్లు ఏడాదంతా పెట్టెలో ఉంటాయి, మొహర్రంలో నిలబడతాయి. పెట్టె ఎక్కడికి పోతే పండగ అక్కడికి పోతుంది, ముందు గుండం తవ్వుకోవడానికి చోటుంటే చాలు. పీర్లు ఎత్తేవాళ్లు చాలా ఊళ్లలో హిందువులే, వాళ్లను మరచిపోవద్దు.

చర్చి విషయంలో అది ఎవరిదో ముందు అడగండి. కతోలికులదైతే 1983 చర్చి చట్టసంహిత ప్రకారం ప్రతిష్ఠతోనో ఆశీర్వాదంతోనో స్థలం పవిత్రమవుతుంది. చాలా భాగం కూలిపోయినా, శాశ్వతంగా లౌకిక వాడుకకు ఇచ్చినా ఆ పవిత్రత పోతుంది. ఆ మాట చెప్పాల్సింది బిషప్పు. స్థిర బలిపీఠం కింద పునీతుల అవశేషాలుంటే వాటిని ముందుగా తీయాలి. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఎక్కువమందికి సంఘం కూడిన చోటే ఆలయం, కాబట్టి ఆఖరి ఆరాధన, మొదటి ఆరాధన రెండూ సరిగా జరిపితే మనసు కుదుటపడుతుంది. గంట, బాప్తిస్మ రిజిస్టర్లు భద్రంగా తీసుకెళ్లండి.

లెక్కలోకి రానివి

సర్వే బృందం కట్టడాలను లెక్కపెడుతుంది. చెట్టు కింద గట్టు, నాగులచవితికి పాలుపోసే పుట్ట, మైసమ్మ రాయి, వాగు ఒడ్డున కట్టకుండా వదిలిన సమాధులు ఆ లెక్కలోకి రావు. వీటిలో ఎక్కువ నష్టపోయేది పాతిపెట్టే ఆచారమున్న దళిత, బీసీ కుటుంబాలు. వాళ్ల పెద్దల మీద రాతికట్టు లేదు కాబట్టి కాగితం మీద ఆ చోటు ఖాళీ భూమి. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో పునరావాస ప్రాంతానికి శ్మశానం, ప్రతి 50 కుటుంబాలకు ప్రార్థనా స్థలం, చెట్టు కింద రచ్చబండ అని ఉంది. సామాజిక ప్రభావ అంచనా జరుగుతున్నప్పుడే ఇంటింటికీ తిరిగి, ఎవరి సమాధి ఎక్కడుందో ఫోనులో లొకేషను గుర్తించి, పేర్లతో పట్టిక రాసి, గ్రామసభ తీర్మానంలో చేర్పించండి. తర్వాత చేర్చడం దాదాపు కుదరదు.

పరిహారం విషయంలో ఒక మాట. శివాలయం మాన్యం భూమి దేవుడి పేరున ఉంటే ఆ డబ్బు దేవుడిదే. మూర్తి చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. 1925లో కలకత్తాలోని ఒక కుటుంబ దేవతామూర్తి తరలింపు కేసులో, ఎక్కడుండాలన్న విషయంలో దేవుడి ఇష్టాన్ని గౌరవించాలనీ, దాన్ని చెప్పడానికి ఆ గొడవలో స్వార్థం లేని ఒక ప్రతినిధి ఉండాలనీ అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ అంది. మీ కమిటీలో కాంట్రాక్టు ఆశిస్తున్నవాళ్లు, కాలనీలో గుడి పక్క ప్లాటు కోరుకుంటున్నవాళ్లు ఉంటే ఆ నిర్ణయంలోనుంచి వాళ్లను తప్పించండి.

ఇక వరుస. ముందు పట్టిక, తీర్మానం. తర్వాత పోచమ్మను అడగడం, ముజావర్‌తో, పాస్టరుతో, ఫాదరుతో మాట్లాడడం. కాలనీలో దిక్కులు, పొలిమేర ఖరారు చేయడం. నేల దున్నడం. అక్కడ బాలాలయం లేచాకే ఇక్కడ కళాకర్షణ. మూర్తి కదిలాకే రాళ్లు. గేట్లు మూసే తేదీ నీటిపారుదల శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకుని, రాళ్లు విప్పే పనికి దానికన్నా కనీసం ఒక ఎండాకాలం ముందు గడువు పెట్టుకోండి. వానాకాలంలో మట్టిదారి మీద రాతిదూలాలు మోసే లారీ నడవదు.